వీధికుక్కకి సంబంధం చూసిన ఆడవాళ్ళు

చరిత్రలో కుక్కలకి కొదవ లేదు. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది కుక్కే. కాలభైరవుడి పక్కన ఉండేదీ కుక్కే. రాజుల వేటల్లో, దొరల ఫోటోల్లో జాతి కుక్కలు దర్జాగా కూర్చుని కనిపిస్తాయి. కానీ ఏ రాజుకీ చెందని, ఏ దేవుడి పక్కనా లేని, మన వీధి మలుపులో పడుకునే మామూలు కుక్క సంగతి ఏమిటి? దెబ్బ తగిలి పడి ఉన్న అలాంటి కుక్కని తెచ్చి, బాగుచేసి, "దీన్ని పెంచుకుంటారా?" అని నలుగురినీ అడగడం అనే పని ఎప్పుడు మొదలైంది? మొదలుపెట్టింది ఎవరు?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. ఎదిగిన వీధికుక్క ఒకటి మా బాల్కనీలో నాలుగు నెలలు ఉంది. దానికి ఇల్లు వెతుకుతూ, రాత్రుళ్ళు వంట సర్దుకున్నాక ఈ చరిత్ర చదివాను. చదువుతున్నకొద్దీ ఆశ్చర్యం వేసింది. ఈ పని పుట్టింది ప్రభుత్వ కార్యాలయంలోనూ కాదు, పశువుల ఆసుపత్రిలోనూ కాదు. ఒక ఆడమనిషి వంటింట్లో.

అక్కడికి వెళ్ళే ముందు మన సంగతి చెప్పుకోవాలి. మన పల్లెల్లో ఈ పని అవసరమే పడేది కాదు. కుక్క ఒక ఇంటిది కాదు, వాడకట్టుది. భోజనాలయ్యాక మిగిలిన అన్నంలో మజ్జిగ నీళ్ళు కలిపి అరుగు పక్కన పెడితే అది తినేది. రాత్రి కొత్త మనిషి వస్తే అరిచేది. వండినదాంట్లో కాకికో ముద్ద, కుక్కకో ముద్ద తీసిపెట్టడం చాలా ఇళ్ళలో ఆచారం. మా అత్తయ్యగారు ఇప్పటికీ మొదటి ముద్ద పక్కన పెట్టనిదే విస్తరి ముట్టరు. అలాగని మనం కుక్కని నెత్తిన పెట్టుకున్నామనీ కాదు. "కుక్క బతుకు", "కుక్క తోక వంకర" అన్న మాటలు మనవే. గడప అవతల చోటుంది, గడప ఇవతల లేదు. అదీ మన పాత ఒప్పందం.

పట్నాలు పెరిగాక ఈ ఒప్పందం చెడింది. బొంబాయిలో 1832లో జరిగిన గొడవ చూడండి. వీధికుక్కల్ని చంపినవాళ్ళకి ఈస్టిండియా కంపెనీ అధికారులు కుక్కకి ఎనిమిది అణాల చొప్పున ఇచ్చేవారు. ఎనిమిది అణాలంటే ఆ రోజుల్లో చిన్న డబ్బు కాదు. ఆ ఆశతో పట్టేవాళ్ళు ఎవరి గుమ్మంలో కుక్కనైనా లాక్కుపోవడం మొదలుపెట్టారు. పార్శీలకి కుక్క పవిత్రం. మనిషి పోయాక శవం దగ్గరికి కుక్కని తెచ్చి చూపించడం వాళ్ళ అంత్యక్రియల్లో ఒక భాగం. ఆ ఏడాది జూన్ 6న వాళ్ళు తిరగబడ్డారు. మర్నాడు బజారు మూతపడింది. ఇతర మతాలవాళ్ళూ కలిశారు. సైనికులకి సరుకులు అందకుండా ఆపేశారు. నగరంలో వీధికుక్కని ఏం చేయాలన్నది ఆనాడే ఇంత పెద్ద పేచీ. కానీ ఆ గొడవ అంతా చంపాలా వద్దా అన్నదాని మీదే. ఇల్లు చూడాలన్న ఆలోచన ఇంకా ఎవరికీ రాలేదు.

ఆ ఆలోచన లండన్‌లో, 1860లో వచ్చింది. మేరీ టీల్బీ అప్పటికి అరవై ఏళ్ళకి దగ్గరపడిన మనిషి. భర్త నుంచి విడిగా ఉండేది. ఆనాటి ఇంగ్లండులో అలా ఉన్న స్త్రీకి సమాజంలో ఉన్న గౌరవం ఎంతో మనం ఊహించుకోవచ్చు. పెళ్ళయిన ఆడదాని ఆస్తి ఆమెకే చెందాలనే చట్టాలు ఆ దేశంలో వచ్చింది కూడా తర్వాతే, 1870లోనూ 1882లోనూ. అంటే తన చేతిలో ఏమీ లేని మనిషే ఈ పనికి పూనుకుంది.

ఆమె స్నేహితురాలు మిసెస్ మేజర్‌కి ఒకరోజు వీధిలో ఆకలితో పడిపోయిన కుక్క కనిపించింది. తెచ్చి వంటింట్లో పెట్టుకుంది. ఇద్దరూ కలిసి దానికి సేవ చేశారు. అయినా బతకలేదు. చాలామంది అక్కడితో కళ్ళు తుడుచుకుని ఊరుకుంటారు. మేరీ టీల్బీ ఊరుకోలేదు. మరో కుక్కని తెచ్చింది, తర్వాత ఇంకొకటి. వంటిల్లు చాలక, హాలోవే అనే పేటలో గుర్రపుశాలలాంటి చోటు తీసుకుని 1860 అక్టోబరులో ఆశ్రయం తెరిచింది. దానికి పెట్టిన పేరు తెలుగులో చెప్పాలంటే "తప్పిపోయిన, ఆకలితో మాడుతున్న కుక్కల తాత్కాలిక నివాసం".

ఆ పేరులో "తాత్కాలిక" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కుక్కలన్నిటినీ నేనే పెంచుతాను అని ఆమె అనలేదు. తప్పిపోయినదాన్ని దాని ఇంటికి చేరుస్తాను, ఎవరూ లేనిదానికి ఇల్లు దొరికేదాకా ఉంచుకుంటాను అంది. జాలి అందరికీ ఉంటుంది. జాలిని ఒక ఏర్పాటుగా మార్చింది మాత్రం ఈ ఒక్క మాటే.

పత్రికలు నవ్వాయి. వీధుల్లో మనుషుల పిల్లలే ఆకలితో తిరుగుతుంటే కుక్కలకి ఆశ్రయమా, ఈ ఆడవాళ్ళకి మతి పోయిందా అన్న ధోరణిలో టైమ్స్ పత్రిక వెక్కిరించింది. ఈ మాట మనకి కొత్తా? వీధికుక్కకి పాలు పోసిన ఏ ఆడమనిషైనా వినే మాటే. నూట అరవై ఏళ్ళుగా ప్రశ్న మారలేదు. మనుషులకి పెట్టే చేయి ఒకటి, కుక్కకి పెట్టే చేయి వేరొకటి అన్నట్టు అడుగుతారు. నేను చూసినంతలో రెండూ ఒకటే చేయి.

రెండేళ్ళ తర్వాత గాలి మారింది. చార్లెస్ డికెన్స్ నడిపే "ఆల్ ది ఇయర్ రౌండ్" పత్రికలో 1862లో ఒక వ్యాసం వచ్చింది. దగ్గర్లోనే ఇస్లింగ్టన్‌లో జాతి కుక్కల ప్రదర్శన జరిగింది. ఆ మెరిసే కుక్కల్నీ, హాలోవేలో బక్కచిక్కిన కుక్కల్నీ పక్కపక్కన పెట్టి చూపించింది ఆ వ్యాసం. జనం ఆశ్రయం వైపు చూడడం మొదలుపెట్టారు. ఆ మంచిరోజులు మేరీ టీల్బీ ఎక్కువకాలం చూడలేదు. 1865లో కేన్సరుతో పోయింది. ఆశ్రయం 1871లో బాటర్సీ అనే చోటికి మారింది. 1885లో విక్టోరియా రాణి దానికి పోషకురాలయింది. ఈనాటికీ బాటర్సీ పేరుతో అది నడుస్తూనే ఉంది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. వచ్చిన కుక్కలన్నిటికీ ఇళ్ళు దొరకలేదు. 1867 నుంచి లండన్ పోలీసులు కూడా వీధికుక్కల్ని అక్కడికే తేవడంతో సంఖ్య మోయలేనంత అయింది. కొద్దిరోజుల్లో ఎవరూ రాకపోతే చాలావాటిని చంపేసేవారు. తక్కువ బాధతో చంపడానికని 1884లో ఒక గదిని కూడా కట్టారు. ప్రేమతో మొదలైన చోటే అది జరిగింది. ఆ ఆడవాళ్ళకి ప్రేమ తక్కువై కాదు. తెచ్చే చేతులు ఎక్కువై, తీసుకునే గుమ్మాలు తక్కువై. ఈ లెక్క ఈరోజుకీ అంతే.

అట్లాంటిక్ అవతల కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఫిలడెల్ఫియాలో కరోలిన్ ఎర్ల్ వైట్ అనే ఆవిడ తిరిగి తిరిగి మద్దతు కూడగడితే 1867లో జంతు సంరక్షణ సంఘం ఏర్పడింది. తీరా సంఘం పాలకవర్గంలో అందరూ మగవాళ్ళే. పెళ్ళి వంట అంతా మనం చేస్తే పందిట్లో కుర్చీలు వాళ్ళకి వేసినట్టు! ఆవిడ అలిగి ఇంట్లో కూర్చోలేదు. 1869లో స్త్రీల శాఖ పెట్టింది. అప్పట్లో ఆ నగరంలో వీధికుక్కల్ని పట్టి దారుణంగా చంపేవారు. ఆ పనిని నగరం చేతుల్లోంచి తమ చేతుల్లోకి తీసుకుని, శుభ్రమైన ఆశ్రయం కట్టి, తగిన కుక్కలకి ఇళ్ళు చూశారు. అమెరికాలో జంతువుల ఆశ్రయాలకి అదే మొదలని చెబుతారు. 1874లో అదే ఊళ్ళో ఎలిజబెత్ మోరిస్, ఆనీ వాల్న్ అనే మరో ఇద్దరు స్త్రీలు ఇంకో ఆశ్రయం తెరిచారు.

మన దగ్గర ఈ కథ మద్రాసులో మొదలయింది. 1952లో రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభకి నామినేట్ అయ్యారు. కళాక్షేత్ర రుక్మిణీదేవిగా, భరతనాట్యానికి గౌరవం తెచ్చిన మనిషిగా ఆవిడ మనకి తెలుసు. సభలో ఆవిడ జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చాక దాన్ని ఉపసంహరించుకున్నారు. 1960లో చట్టం వచ్చింది. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే ఆవిడే మొదటి అధ్యక్షురాలు.

మద్రాసులోనే 1959లో మరో ఇంట్లో మరో పని మొదలయింది. వరదనీటిలో కొట్టుకుపోతున్న రెండు కుక్కపిల్లల్ని కెప్టెన్ సుందరం ఇంటికి తెచ్చారు. ఆయన భార్య ఉషా సుందరం కూడా పైలటే. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో విమానాలు నడిపిన స్త్రీ. ఆ ఇంటి నుంచే బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా పుట్టింది. మద్రాసు కార్పొరేషన్ ఏళ్ళ తరబడి కుక్కల్ని చంపుతున్నా వాటి సంఖ్య తగ్గడం లేదని వాళ్ళు 1964లో లెక్కలు తీసి చూపించారు. చంపడం బదులు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చినచోటే వదలమన్నారు. వాళ్ళ అబ్బాయి చిన్నీ కృష్ణ దీనికి ఏబీసీ అని పేరు పెట్టారు, అంత సులువు అన్న అర్థంలో. కార్పొరేషన్ ఒప్పుకోవడానికి మాత్రం 1996 దాకా పట్టింది. 2001లో ఇది దేశమంతటికీ నియమమైంది. 2023లో కొత్త నియమాలు వచ్చాయి. హైదరాబాద్‌లో అమల అక్కినేని బ్లూక్రాస్ మొదలుపెట్టింది 1992లో.

గమనించారా, మన దారి లండన్ దారి కాదు. ప్రతి కుక్కకీ ఇల్లు చూడాలని మనవాళ్ళు అనలేదు. వీధే దాని ఇల్లు, అక్కడే క్షేమంగా ఉండనివ్వండి అన్నారు. మన పాత వాడకట్టు ఒప్పందానికి ఇంజక్షనూ, ఆపరేషనూ చేర్చారు, అంతే. ఆ ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవి కొస కొద్దిగా కత్తిరిస్తారు. మరి ఇల్లు చూడాల్సింది ఎవరికి? వీధికి తిరిగి వెళ్ళలేని వాటికి.

మా బంగారి అలాంటిదే. 2025 జూన్‌లో మా అపార్ట్‌మెంట్ ఎదుట ఆటో దాని వెనక కాలు మీంచి వెళ్ళింది. పశువుల డాక్టరు కాలు తీసేయక తప్పలేదు. పళ్ళు చూసి నాలుగేళ్ళుంటాయన్నారు. చెవి అప్పటికే కత్తిరించి ఉంది. మూడు కాళ్ళతో అరవై అడుగుల రోడ్డు దాటలేదు, వేరే కుక్కలు తరిమితే పరుగెత్తలేదు. కట్టు విప్పేదాకా అని మా బాల్కనీలోకి వచ్చింది.

ఇంట్లో అందరికన్నా భయపడింది అత్తయ్యగారు. ఆవిడ భయం ఉత్తిది కాదు. చిన్నప్పుడు ఆవిడ తమ్ముణ్ణి కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేశారు. రోజూ ఆ పిల్లాడి ఏడుపు విన్న మనిషి. పాశ్చర్ పిచ్చికుక్క కాటుకి టీకా కనిపెట్టింది 1885లో. దక్షిణాదిలో దానికోసం కూనూరులో సంస్థ పెట్టింది 1907లో. పొట్టలో వేసే ఆ పాత సూది మన దేశంలోంచి పోయింది మాత్రం 2005 ప్రాంతంలోనే. ఇప్పుడు చేతికి వేసే కొద్ది ఇంజక్షన్లు చాలు. ఆలస్యం చేసి లక్షణాలు బయటపడితే మాత్రం రేబిస్‌కి ఇప్పటికీ మందు లేదు. అందుకే కుక్కలంటే భయపడేవాళ్ళని దయలేనివాళ్ళని నేను అనను. బంగారికి టీకా వేయించిన కాగితం తెచ్చి అత్తయ్యగారికి చదివి వినిపించాను. "తారీకు రాసి ఫ్రిజ్ మీద అంటించు, మళ్ళీ ఏడాది మర్చిపోతావు" అన్నారావిడ.

అసోసియేషన్ వాళ్ళు అక్టోబరు నెలాఖరులోగా పంపేయమన్నారు. మా ఆయన "చూద్దాంలే" అన్నారు. చూడాల్సింది ఎవరో ప్రతి ఇల్లాలికీ తెలుసు.

అప్పుడే ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాల్లో పెట్టమని ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశం వచ్చింది. ఆగస్టు 22న దాన్ని సవరించి, టీకా, ఆపరేషన్ చేశాక తెచ్చినచోటే వదలమన్నారు, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ తప్ప. వీధికుక్కని దత్తత తీసుకోవాలనుకునేవాళ్ళు దరఖాస్తు చేసుకోవచ్చనీ, తీసుకున్నాక మళ్ళీ వీధిలోకి వదలకూడదనీ అదే ఉత్తర్వులో ఉంది. మన నగరంలో జీహెచ్ఎంసీ కూడా ఆ నెలలోనే జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. మంచి పనే. కానీ అది పిల్లలకి. బూరెబుగ్గల పసికూనని చూస్తే ఎవరైనా చేతులు చాస్తారు. నాలుగేళ్ళ మూడుకాళ్ళ దాన్ని ఎవరు అడుగుతారు?

ఇలా అనుకున్నప్పుడల్లా నాకు లైకా గుర్తొచ్చేది. 1957 నవంబరులో రష్యావాళ్ళు అంతరిక్షంలోకి పంపిన కుక్క. అదీ మాస్కో వీధిలో పట్టిన ఎదిగిన కుక్కే. చలికీ ఆకలికీ ఓర్చినది కాబట్టి తట్టుకుంటుందని వీధికుక్కల్ని ఎంచుకున్నారు. అది తిరిగి రాదని వాళ్ళకి ముందే తెలుసు. ప్రయాణానికి ముందు యజ్‌దోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త దాన్ని తన ఇంటికి తీసుకెళ్ళి పిల్లలతో ఆడుకోనిచ్చాడు. ప్రపంచమంతా పేరు తెలిసిన ఆ కుక్కకి ఇల్లు అన్నది దక్కింది అంతమాత్రమే.

ఇక మా బంగారి పెళ్ళిచూపులు! ఆ మాట మా అబ్బాయిది. మొదట ఒక కొత్త జంట వచ్చింది. చూశారు, నిమిరారు, "ఆంటీ, దీని పిల్లలేమైనా ఉన్నాయా?" అని అడిగి వెళ్ళిపోయారు. తర్వాత సొంత ఇల్లున్న ఒకాయన వచ్చారు. బాగా మొరుగుతుందా అన్నారు. రాత్రి ఎక్కడ పడుకోబెడతారండీ అని అడిగాను. గేటు దగ్గర గొలుసుకి అన్నారు. మజ్జిగ ఇచ్చి పంపించాను. గడువు ఇంక పదిరోజులే ఉంది. అయినా వద్దనడానికే మనసొప్పింది. సంబంధం తప్పిపోతుందన్న భయంతో ఎలాంటి ఇంటికైనా పిల్లని పంపేయడం మనం చూడని విషయమా?

మూడో మనిషి రిటైరైన టీచరుగారు. ఒంటరిగా ఉంటారు. కింది అంతస్తు ఇల్లు, చిన్న పెరడు. ఆవిడ అడిగిన ప్రశ్నలు వేరు. రాత్రి లేపుతుందా? పిల్లులంటే ఎలా ఉంటుంది? మెట్లు ఎక్కగలదా? అన్నిటికీ నా దగ్గర జవాబుంది. ఎందుకంటే నాలుగు నెలలు చూశాను. "కుక్కపిల్ల ఎలా తయారవుతుందో ఎవరు చెప్పగలరమ్మా, దాని వెనక పరుగెత్తే ఓపిక నాకు లేదు. ఇది ఏమిటో ఇప్పుడే తెలుస్తోంది కదా" అన్నారావిడ.

ఎదిగిన కుక్క విలువ నాకు అప్పుడు అర్థమయింది. దాని ఒడ్డూ పొడుగూ, కోపతాపాలూ, అలవాట్లూ అన్నీ కళ్ళెదుటే ఉంటాయి. దాచిపెట్టేదేమీ ఉండదు. కాబట్టి మనమూ దాచకూడదు. బంగారి టపాసులకి వణుకుతుందని, అన్నం తినేటప్పుడు గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటుందని ముందే చెప్పాను. వాళ్ళ ఇల్లు వెళ్ళి చూశాను. పెరటి గోడ ఎత్తు చూశాను. వారంరోజులు పెట్టుకుని చూడండి, కుదరకపోతే రోడ్డు మీద వదలకుండా నాకే ఫోన్ చేయండి అన్నాను. కుక్కల్ని కాపాడేవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకి అలవాటు, మూడు నెలలకి తనిల్లు. టీచరుగారికి అదీ చెప్పాను. మొదటి రెండురోజులు బంగారి మంచం కిందనుంచి బయటికి రాలేదట. ఆవిడ కంగారుపడలేదు. మంచం పక్కనే పీట వేసుకుని పేపరు చదువుకున్నారట. మూడు నెలలు దాటి చాలాకాలమయింది. ఫోన్ వస్తూనే ఉంది, కుదరలేదని మాత్రం కాదు.

"ఇన్నాళ్ళు పెంచి ఎలా ఇచ్చేశావు, నీకే ఉంచుకోకపోయావా" అని చాలామంది అడిగారు. మేరీ టీల్బీ తన ఆశ్రయానికి పెట్టుకున్న పేరే నా జవాబు. ఒక ఇంట్లో ఒక కుక్క ఉండిపోతే ఆ ఒక్కటే బతుకుతుంది. ఒక ఇల్లు తాత్కాలికంగా తెరుచుకుంటూ ఉంటే ఒకదాని తర్వాత ఒకటి దారి పడతాయి. అప్పటిదాకా ఉంచుకోవడం, తగిన గుమ్మం వెతకడం, తగనిదాన్ని వద్దనడం, చివరికి చేయి వదలడం. ఇవేవీ ఆడవాళ్ళకి కొత్త పనులు కావు. ఆడపిల్లల విషయంలో తరతరాలుగా చేస్తున్నవే.

మీ వీధిలోనూ ఉంటుంది ఒకటి. దాన్ని మీరే పెంచాలని లేదు. మీ బాల్కనీ ఒక నెల ఇచ్చినా, మీ ఫోన్‌లో ఉన్న నంబర్లకి దాని ఫోటో పంపినా, టీకా కాగితం ఫ్రిజ్ మీద అంటించినా చాలు. మా ఫ్రిజ్ మీద ఇప్పుడు బంగారి కాగితం లేదు. టీచరుగారికి ఇచ్చేశాను. అక్కడ ఇంకో కాగితం అంటించి ఉంది, ఒంటికన్ను నల్లోడిది. అసోసియేషన్‌తో ముందే మాట్లాడి పెట్టాను. వయసు ఆరేళ్ళు, నెమ్మదస్తుడు, పిల్లులతో పేచీ లేదు. సంబంధాలేమైనా ఉంటే చెప్పండి.